పెత్రమాస నాడు చెప్పని పేరు

చిట్కుల్ల శ్రీలత మేడమంటే తెల్వనోళ్లు తక్కువ. సంగారెడ్డిల ఒక ప్రైవేటు జూనియర్ కాలేజిల ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు లెక్కలు చెప్తది. పొద్దుగాల్నే బస్సు పట్టుకొని పోతది, పొద్దుమీకంగ వస్తది. ఇంట్ల తల్లి అరుణమ్మ, తను, ఇద్దరే. పెండ్లి కాలే. ఎందుకు కాలే అని అడిగేటోళ్లకు ఊర్లె కరువా? వాళ్లకు ఆమె చెప్పే జవాబు ఒక్కటే: "అమ్మను ఎవరు చూస్తరు?" ఇగ అడిగినోళ్లు నోరు మూసుకొని పోవాలె.

ఆమె కోపిష్టిదని పేరు. ఉత్త పేరు కాదు, నిజమే. తప్పు లెక్క చేస్తే సుద్దముక్క ఇసిరికొడ్తది. గానీ పరావలయం పాఠం వచ్చిందంటే మనిషే మారిపోతది. పుస్తకాలు మూయమంటది. తలా ఒక నున్నటి కాగితం, తలా ఒక బొట్టుబిళ్ల పంచుతది. "కాగితం కింది అంచుకు జెర పైన బిళ్ల అతికించుండ్రి. ఇగ అంచును ఎత్తి బిళ్లకు తాకేటట్టు మడవండ్రి. ఒక్కసారి మడిచి ఊకోవద్దు. అంచు పొడుగూత ఒక్కొక్క చోటు పట్టుకొని మడుస్తనే ఉండాలె," అంటది. మగపిల్లలు మొదాలు కిసకిస నవ్వుతరు. బొట్టుబిళ్లల మేడం అని పేరు గూడ పెట్టిండ్రు, ఆమెకు తెల్వదనుకుంటరు పాపం. మడవంగ మడవంగ, ఆ సక్కటి మడతల నడుమ గిన్నె తీరు ఒక వంకర గీత తేలుతది. గప్పుడు నవ్వుడు బందైతది. బిళ్ల నాభి. అంచు నియతరేఖ. మడతలన్ని స్పర్శరేఖలు. నడుమ తేలిందే పరావలయం.

ఆ పద్ధతి ఆమెది కాదు, వాళ్ల అన్న శ్రావణ్‌కుమార్‌ది.

శ్రీలత ఇంటర్ చదివేటప్పటి ముచ్చట. వాళ్ల బాపు ఇంక బతికే ఉన్నడు. ఒక మందుల కంపెనీల ప్యాకింగ్ పని చేసేటోడు. సీసాలకు లేబుళ్లు అతికించినంక మిగిలిపోయే నున్నటి పసుపు కాగితం ఇంటికి తెస్తుండె. అరుణమ్మ దాన్ని అల్మారల డబ్బాల కింద పరిచేది. శ్రీలత ఒకనాడు పుస్తకం ముంగట పెట్టుకొని ఏడుపు మొఖంతోటి బట్టీ పడుతుండె. నాభి గుండ పోయే జ్యా కొసలకాడ స్పర్శరేఖలు గీస్తే, అవి నియతరేఖ మీద లంబంగ కలుసుకుంటయని నిరూపించాలె. ఏడు మార్కుల లెక్క. డిగ్రీ చదివే అన్న కొంచెం సేపు చూసిండు, ఇగ ఓపిక పట్టలేకపోయిండు.

"ఇది లెక్కనా, మంత్రమా చెల్లె?" అని పుస్తకం గుంజుకున్నడు. పసుపు కాగితం ఒకటి తెచ్చిండు. వాకిట్ల బియ్యం ఏరుకుంట కూసున్న అరుణమ్మ నొసటి మీది బొట్టుబిళ్ల తీసి దానికి అతికించిండు.

"ఓరి నీ తెలివి పాడుగాను! బోడి నొసటితోటి కూసోమంటవారా నన్ను?" అని అరుణమ్మ ఒర్రింది.

"ఒక్క నిమిషమే అమ్మా. వాపస్ ఇస్త," అన్నడు.

ఇయ్యనే లేదు. తల్లినే కాగితం కొస పట్టుకోమన్నడు, తను మడిచిండు. మడతలు తెల్లతెల్లగ పడ్డయి. గిన్నె తేలింది. అరుణమ్మ వంగి చూసి, "ఈ వంకర గీత ఎవలు గీసిండ్రురా?" అని అడిగింది.

"ఎవ్వలు గియ్యలేదమ్మా. ఉన్నయన్ని సక్కటి మడతలే. గీత నీకు కనవడ్తుంది, అంతే."

తర్వాత చెల్లెకు చెప్పిండు. మడత మీద ఏ చోట వేలు పెట్టినా, బిళ్ల ఎంత దూరమో, మడిచినప్పుడు బిళ్ల మీద పడ్డ అంచు చుక్క గూడ అంతే దూరం. గానీ అంచుకు అన్నిట్లకు దగ్గరి తొవ్వ నిటారుగ దిగేది. ఆ నిటారు తొవ్వ సరిగ్గ ఆ చుక్క మీదికి దిగేది మడత మొత్తంల ఒక్క చోటనే. ఆ ఒక్క చోటనే బిళ్లా, అంచూ సమాన దూరం. మిగతా అన్ని చోట్ల అంచే దగ్గర, బిళ్ల దూరం. అంటే మడత ఆ గీతను ఒక్క చోట ముట్టుకొని పోతది, కోసుకొని పోదు.

మళ్ల తల్లి పూలు గుచ్చే దారం తీసుకొని బిళ్ల మీదికెల్లి అటు గీత నుంచి ఇటు గీతకు గుంజిండు, అదే జ్యా. దారం కొసలకాడి మడతలు రెండూ కిందికి పోయి అంచు మీదనే కలిసినయి, పుస్తకం మూల తీరు. "రెండు కొసల నుంచి అంచుకు నిటారుగ దిగు. ఆ గీతలు సమాంతరం. దారంతోటి అవి చేసే కోణాలు రెండు కలిపితే నూట ఎనభై. మడతలు వాటిని సగం సగం చేస్తయి. సగాలు కలిపితే తొంభై, త్రిభుజంల మిగిలేది గూడ తొంభై. అయిపాయె! ఇందుల బట్టీ ఏముంది?"

శ్రీలతకు అప్పుడు కలిగిన సంబురం అంత ఇంత కాదు. "అంటే ఏ జ్యాకైనా ఇంతేనా అన్నా?" అన్నది.

శ్రావణ్ దారాన్ని బిళ్ల మీదికెల్లి పక్కకు జరిపిండు. మడతలు వేరే ఎక్కడనో కలిసినయి, లంబం పోయింది. "బిళ్ల మీదికెల్లి పోతదని లెక్కల చెప్తేనే. చెప్పకుంటే నువ్వు అనుకోవద్దు. తేలందాన్ని తేలినట్టు రాయొద్దు చెల్లె." అరుణమ్మ బియ్యం ఏరుకుంటనే ఆ మాట గూడ ఇన్నది.

ఆ లెక్కతోటే శ్రీలత బతుకు తిరిగింది. లెక్కలల్ల ఎమ్మెస్సీ చేసింది, మేడం అయింది. శ్రావణ్ కాజీపల్లి దిక్కు ఒక మందుల కంపెనీల కెమిస్టు అయిండు. బాపు పోయినంక ఇల్లు ఆయన మీదనే నడిచింది. మూడేండ్ల కింద, పట్టపగలు, ఆ కంపెనీల రియాక్టర్ పేలింది. కంపెనీ ముచ్చట నన్నడగకుండ్రి, నా నోట్లెకెల్లి మంచి మాట రాదు. దొరికినోళ్లు దొరికిండ్రు. కొందరు దొరకనే లేదు. శ్రావణ్‌కుమార్ దొరకలే. చేతి ఉంగరం దొరకలే, కాలి చెప్పు దొరకలే. అరుణమ్మ నెత్తురు తీస్కపోయి దొరికిన తునుకలతోటి పోల్చి చూసిండ్రు, దేనితోని కలవలే. ఆఖరికి చనిపోయినట్టే అని సర్కారోళ్లు కాగితమిచ్చిండ్రు. దాన్ని పోయి తెచ్చింది శ్రీలతనే. అరుణమ్మ ఆ కాగితం దిక్కు చూడను గూడ చూడలే.

బతుకమ్మ మొదలయ్యే అమాసనే పెత్రమాస. మా దిక్కు ఆ నాడు పెద్దలకు బియ్యమిస్తరు. తలకు పోసుకొని, చాటల బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు పెట్టుకొని గుడికాడ అయ్యగారి ముంగట కూసోవాలె. ఇంట్ల పోయినోళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పి ఇయ్యాలె. పేరు చెప్పకుంటే ఆ బియ్యం వాళ్లకు ముట్టవంటరు. అరుణమ్మ మామ పేరు చెప్తది, అత్త పేరు చెప్తది. ఏడాదంత పలకని మొగని పేరు ఆ ఒక్కనాడు పలుకుతది. అక్కడ ఆగుతది. మూడేండ్లు అక్కడనే ఆగింది.

ఆమె మరిది పోచయ్యకు ఇది మనసున పట్టలే. "వదినె, పోరడు ఆకలి మీద తిరుగుతుంటడే. ఎంత రాయి గుండెనే నీది! పేరు చెప్పరాదు?" అని ప్రతిసారి బతిమాలుతడు.

"నువ్వు సూసినవా పోచయ్యా? సూసింటె చెప్పు, నేను గూడ చెప్త," అంటది అరుణమ్మ. ఆయన తలకాయ దించుకొని పోతడు.

శ్రీలత చిన్నాయన దిక్కే. ఆయనైతే బతిమాలుతడు, ఈమె కొట్లాడుతది. "అన్న లేడమ్మా. లేడు! ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ఊరంతటికి అర్థమైంది, నీకొక్కదానికి కాదా?" అని గిన్నెలు ఎత్తేస్తది. తల్లి ఆ గిన్నెలు ఏరి బోర్లిస్తది. తర్వాత శ్రీలత తానం చేసే గుసలఖానల తలుపేసుకొని, నల్లా ఇప్పి ఏడుస్తది. అది తల్లికి తెలుసు, బిడ్డకు తెలుసు, ఇద్దరూ తెల్వనట్టే ఉంటరు.

ఈ ఏడు పెత్రమాస ఇంక రెండ్రోజులుందనంగ కాలేజిల ఒక ముచ్చటైంది. తనుశ్రీ అనే పిల్లను బోర్డు మీద లెక్క చేయమన్నది శ్రీలత. ఆ పిల్ల జ్యా గీసింది, కొసలకాడ స్పర్శరేఖలు గీసింది, "ఇవి లంబంగ కలుస్తయి" అని జల్దీ జల్దీ రాసేసింది. లెక్కల ఆ జ్యా నాభి గుండ పోతదని ఎక్కడా లేదు.

శ్రీలతకు కోపం నసాలానికెక్కింది. "నాభి గుండ పోతదని నీకెవరు చెప్పిండ్రు? నువ్వు చూసినవా? తేలందాన్ని తేలినట్టు..." అన్నది. చేతిల సుద్దముక్కను బల్ల మీద పెట్టింది. తనుశ్రీ బిత్తరపోయి డస్టర్ పట్టుకొని నిలబడ్డది. "తుడిచెయ్యి బిడ్డా. తప్పు లేదు, తుడిచి మళ్ల చెయ్యి," అని శ్రీలత కుర్చీల కూసున్నది. మేడం సుద్దముక్క ఇసరకుంట ఊకునుడు పిల్లలు అదే మొదాలు చూసుడు.

ఇంటికొచ్చేసరికి అరుణమ్మ పండుగకని అల్మార దులుపుతుంది. బియ్యం డబ్బా కింది పసుపు కాగితం తీసి ఒళ్లె పరుచుకొని కూసున్నది. మడతలు అట్లనే ఉన్నయి. బొట్టుబిళ్ల రంగు పోయింది గానీ ఊడలే.

"మీ చిన్నాయన వచ్చిపోయిండు. మళ్ల అడిగిండు," అన్నది. "నువ్వు గూడ అడుగుతవు. గందుకే ఈసారి నేనే అడుగుతున్న. నువ్వు లెక్కల మేడంవు. మంది పిల్లలకు పెద్ద పెద్దయి తేల్చి సూపెడ్తవు. వాడు లేడని నాకు తేల్చి సూపెట్టు బిడ్డా. పేరు చెప్త."

శ్రీలత చెప్పులు గూడ ఇడవకుంట తల్లి పక్కన కూలబడ్డది. "సరే అమ్మా. ఉన్నడనే అనుకుందాం. ఉంటే ఫోన్ చేస్తుండె."

"ఫోన్ కాలిపాయె. నంబర్ యాదికి లేదేమో."

"ఇల్లు యాదికుంటది గదా. వస్తుండె."

"తలకాయకు దెబ్బ తాకితె ఇల్లు యాదికుంటదా?"

"దవఖానలన్ని తిరిగినం."

"అన్నీ తిరిగినమా? బొంబాయి రోడ్డు మీద ఏ లారీల ఎక్కించుకొని ఏ ఊర్లె దించిండ్రో?"

శ్రీలత కాళ్ల చెప్పులు ఇడిచి పక్కకు పెట్టింది. అన్ని దవఖానలు ఎవరు తిరుగుతరు? ఎటు పోయినా ఎక్కడనో ఒక సందు మిగిలే ఉంది. మూడేండ్లు తల్లి మీద ఒర్రుడే గానీ, తన చేతుల ఏముండె?

"నాకు తెల్వదమ్మా," అన్నది. "నా తాన రుజువు లేదు. ఉన్నట్టే నీతోని కొట్లాడిన. నాకు తెల్వదు."

తల్లి భోరుమంటదనుకుంది. అరుణమ్మ ఏడ్వలే. ఒళ్లెది కాగితం తీసి మళ్ల డబ్బా కింద పెట్టింది. "ఇన్నేండ్లకు నిజం చెప్పినవు. పో, కాళ్లు కడుక్కో, అన్నం తిందాం," అన్నది.

పెత్రమాస నాడు గుడికాడ మంది బాగనే ఉన్నరు. పోచయ్య తన చాట ముందే ఇచ్చి పక్కకు నిలబడ్డడు. అరుణమ్మ కూసున్నది, పక్కన శ్రీలత. మామ పేరు చెప్పింది, అత్త పేరు చెప్పింది, మొగని పేరు చెప్పింది. అయ్యగారు చాటకు చెయ్యి చాపుకుంట, అలవాటుగ, "ఇంక ఎవరన్న ఉన్నరా అమ్మా?" అన్నడు.

"ఉన్నరయ్యా. నా కొడుకు..."

శ్రీలత తల్లి చెయ్యి గట్టిగ పట్టుకుంది. "వద్దమ్మా!" అని ఒర్రింది. గుడికాడి మందంత తిరిగి చూసిండ్రు. "ఆ పేరు చెప్పకమ్మా. నీ కాళ్లు మొక్కుత, చెప్పకు!"

పోచయ్య నోరెళ్లబెట్టిండు. మూడేండ్లు చెప్పుమని కొట్లాడిన పిల్లనాయె! గానీ శ్రీలతకు అప్పుడే తెలిసొచ్చింది. అన్న లేడని తను అంత గట్టిగ అనగలిగింది, తల్లి ఒక్కతి ఉన్నడని పట్టుకొని కూసున్నది కాబట్టే. తల్లి గూడ ఇడిస్తే ఇగ అన్నను పట్టుకునేటోళ్లు ఎవరున్నరు?

అరుణమ్మ బిడ్డ దిక్కు తిరిగింది. గొంతు మెల్లగనే ఉంది. "రెండ్రోజుల సంది అదే ఆలోచన బిడ్డా. వాడు లేకుంటె, మూడేండ్ల సంది కడుపుల మెతుకు లేక తిరుగుతున్నడు. ఉంటె, ఎక్కడున్నా ఈ పిడికెడు బియ్యంతోటి వానికేం తక్కువైతది? ఎట్ల సూసినా ఇచ్చుడే గదా. ఇందుల తప్పుంటె చెప్పు, ఆగుత."

శ్రీలత తప్పు కోసం దేవులాడింది. చదివిన చదువంత పెట్టి దేవులాడింది. దొరకలే. కండ్లల్ల నీళ్లు కారుతుంటే తప్పు లేదన్నట్టు తలకాయ అడ్డంగ ఊపింది, చెయ్యి మాత్రం ఇడవలే.

"ఊకో తల్లీ, ఊకో. వాడొస్తె వాపస్ తీస్కుందాం తియ్యి," అన్నది అరుణమ్మ.

అని, బిడ్డ పట్టుకున్న చెయ్యితోటే చాట ఎత్తి, "శ్రావణ్‌కుమార్," అని పేరు చెప్పి బియ్యం పోసింది.