మైకులో నా పేరు

మా ప్రయాణానికి కారణం ఒక పాట.

డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అపార్ట్‌మెంట్ ముందు కారు ఆపాక కూడా మావారు దిగేవారు కాదు. రేడియోలో ఇక్కడివాళ్ళు కంట్రీ అనే పల్లెబాణీ గాయని ఒకామె నిదానంగా పాడేది, నువ్వెంత ఆలస్యంగా వచ్చినా వాకిట్లో దీపం ఆర్పను అని. పాట అయ్యేదాకా ఆయన కళ్ళు మూసుకుని కూర్చునేవారు. ఆ మెత్తని ముఖం నాకెప్పుడూ చూపించలేదు. నేను ఇంటి కిటికీలోంచి చూస్తూ మండిపోయేదాన్ని.

ఆమె బలమేమిటో తెలుసుకోవాలని పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళాను. నా చదువు ఇంటర్‌తో ఆగింది కానీ ఆ లైబ్రరీలో నేను చెయ్యి పెట్టని అలమర లేదు. ఆ సంగీతం మీద ఉన్న పుస్తకాలన్నీ చదివాను. పాట నడక మన తిశ్రంలా మూడు దెబ్బలది. వెనక సాగుతూ మూలిగేది స్టీల్ గిటారు, హవాయి దీవుల నుంచి వచ్చింది. ఇంత తెలుసుకున్నాక పాట బాగుందని నేనే ఒప్పుకోవలసి వచ్చింది. అది ఇంకా మంట.

ఆమె శనివారం మధ్యాహ్నాలు నాష్‌విల్‌లో ఒక చిన్న హాల్లో పాడుతుందని పేపర్లో చూసి, వెళ్దామన్నది నేనే. ఆమెలో ఏముందో ఎదురుగా చూసి తేల్చుకోవాలనుకున్నాను.

"మంచులో అంత దూరం డ్రైవ్ చేయడం రిస్కు," అని ఆయన బస్సుకి బుక్ చేశారు. ఎనభై రెండు ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం డెట్రాయిట్‌లో ఎక్కాం. పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాను. శాకాహారులు దారిలో చిక్కుడుగింజలని నమ్మి తినకండి, అందులో పంది మాంసం వేస్తారు. చీజ్ పెట్టి కాల్చిన బ్రెడ్ మాత్రం ప్రతి స్టేషన్లోనూ దొరుకుతుంది.

తెల్లవారుతుండగా లూయివిల్‌లో ఒక ముసలావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. ముందు సీట్లో నిద్రపోతున్న మావారిని చూపించి, పేరేమిటని అడిగింది.

"మేము భర్త పేరు పలకం," అన్నాను.

"మావాణ్ణి నలభై ఏళ్ళు పేరు పెట్టి తిట్టాను. నువ్వెలా తిడతావు పిల్లా?"

"మనసులో."

ఆవిడ పకపకా నవ్వింది. "మరి అతను నిన్నేమని పిలుస్తాడు?"

"ఇదిగో అని. ఇటు చూడు అని అర్థం."

"అయ్యో, అలా అంటే బస్సంతా తిరిగి చూస్తుంది కదా!"

నేనూ నవ్వాను కానీ ఆ మాట గుచ్చుకుంది. పెళ్ళినాడు గడప దగ్గర ఆడపడుచులు అడ్డంగా నిలబడి, పేరు చెప్తే గానీ లోపలికి రానివ్వమంటే, ఆయన నా పేరు గొణిగారు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో మళ్ళీ అనలేదు.

నాష్‌విల్ చేరగానే వాచీ గంట వెనక్కి తిప్పుకోవాలి. స్టేషన్ దగ్గరే మోటెల్లో గది తీసుకుని, స్నానాలు చేసి, రెండింటికి హాలుకి నడిచాం. చెక్క నేల, చిన్న బల్లలు, టోపీలు తీయని మగవాళ్ళు. చీర కట్టుకున్నది నేనొక్కదాన్నే.

గాయని వచ్చింది. అందగత్తె అయితే సగం ఊరట ఉండేది. యాభై దాటిన మనిషి, లావుపాటి నడుము, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. అంటే ఆయన్ని పట్టుకున్నది గొంతే. గొంతుతో నేనేం పోటీ పడగలను?

పాట కోరినవాళ్ళ దగ్గరకి గాయనే మైకు తెచ్చి, ఎవరి కోసమో అడిగి, ఆ పేరు చెప్పి పాడడం అక్కడి ఆచారం. తెలుగువాళ్ళ మీటింగుల్లోనైనా నోరు తెరవని మావారు చెయ్యెత్తారు. ఆ దీపం పాటే కోరారు.

"ఎవరి కోసం?"

"నా భార్య కోసం."

"ఆమెకి పేరు లేదా, హనీ?"

హాలంతా నవ్వింది. ఆయన నా వైపు చూసి, చెవులు ఎర్రబడ్డాక, ఆమె వైపు తిరిగి, "వైదేహి," అన్నారు. మెత్తగా, కారులో కూర్చున్నప్పటి ముఖంతో.

"వైడేహీ కోసం," అని ఆమె పాట ఎత్తుకుంది.

మూడు దెబ్బలు లెక్కపెడదామనుకుని మరిచిపోయాను. దీపం అనే మాటను ఊపిరి అయిపోయేదాకా పట్టుకుంది. ఆమె ఆగిన చోట స్టీల్ గిటారు అందుకుని, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారింది. ఆ జారడంలో ఏముందో ఏ పుస్తకంలోనూ లేదు. నాకు కన్నీళ్ళు వచ్చాయి.

కానీ నా పేరు ఆయన నోట వచ్చింది, అదీ ఆవిడతో!

ఆదివారం తిరుగు బస్సులో అడిగాను. "ఏమండీ, నిన్న అన్న మాట ఇంకోసారి అనండి."

"బస్సులోనా? అందరూ వింటారు."

"అక్కడ హాలంతా వినలేదా?"

"అక్కడ ఆవిడ అడిగింది కదా," అని కిటికీ వైపు తిరిగిపోయారు. ఒహాయో పొడుగునా ఆయన్ని మనసులో తిట్టాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట: తప్పకుండా వెళ్ళండి. ఆ పాట రేడియోలో సగమే వినిపిస్తుంది. మీవారితోనే వెళ్ళండి, కానీ చెయ్యి ఎత్తనివ్వకండి.

ఇంటికి చేరేసరికి మంచు కురుస్తోంది. తాళం తీసి, నేను ముందు లోపలికి వెళ్ళి, గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాను.

"ఇదిగో, చలి. జరుగు," అన్నారు, రెండు చేతుల్లో రెండు పెట్టెలతో.

"పేరు చెప్తే గానీ రానివ్వను. ఇప్పుడు నేను అడుగుతున్నాను."

మంచు ఎత్తిపోస్తున్న ఎదురింటాయన పార ఆపి చూస్తున్నాడు. మావారి టోపీ మీద మంచు పేరుకుంటోంది.

"వైదేహి," అన్నారు.

అక్కడన్నంత మెత్తగా లేదు. ఇంకోసారి చెప్పించి, అప్పుడు జరిగాను.