పన్నెండు మాటలకు జిరాక్సు

2022లో నన్ను చేవెళ్లకు బదిలీ చేశారు. ఇన్‌స్పెక్టర్‌గా అది నా ఆఖరి పోస్టింగు. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, షాబాద్ మండలాల నుంచి వచ్చే సైబర్ ఫిర్యాదులన్నీ ఒకచోట చూడమని ఒక గది, ఇద్దరు కానిస్టేబుళ్లు, నెలకు రెండుసార్లు మొరాయించే ఒక ప్రింటరు ఇచ్చారు. సైబర్ విభాగమంటే బయటివాళ్లు ఏవేవో ఊహించుకుంటారు. నిజానికి ఆ పనిలో ముప్పాతిక భాగం ఉత్తరాలు రాయడమే. డబ్బు పోయిందని ఒకరు పిటిషన్ ఇస్తే, అది ఏ ఖాతాలోకి వెళ్లిందో చూసి, ఆ బ్యాంకుకు నోటీసు పంపి, ఖాతాను స్తంభింపజేయాలి. ఎంత త్వరగా నోటీసు పంపితే అంత డబ్బు దక్కుతుంది.

అందుకే నాకొక చిరాకు ఉండేది. అందరూ పోగొట్టుకున్నాకే వస్తారు. వచ్చి, లింకు నొక్కింది తాము కాదన్నట్టు మాట్లాడతారు. నా సర్వీసు మొత్తంలో పోకముందే వచ్చి సలహా అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో కవిత ఒకరు.

కవితది మొయినాబాద్. ముప్పై ఏళ్లు ఇంకా నిండలేదు. విదేశాల్లో తయారయ్యే మొబైల్ ఆటలకు ఇంట్లో కూర్చుని బొమ్మలు గీస్తుంది. ఆటలో వెనక కనిపించే గోడలు, చెట్లు, కిరీటాలు ఆమెవి. భర్త పూల తోటల నుంచి నగరానికి టెంపో నడుపుతాడు. ఆమెకు జీతం డాలరుతో సమానంగా నడిచే ఒక రకం క్రిప్టో కాయిన్లలో వచ్చేది. మూడేళ్లుగా ఆ కాయిన్లను అవి వచ్చి పడే ఎక్స్ఛేంజిలోనే, అంటే కాయిన్లను కొని అమ్మే కంపెనీలోనే ఉంచింది. ఆ ఏడాది అలాంటి కంపెనీలు కొన్ని మూతపడుతున్నాయని వార్తలొచ్చాయి. ఆ అమ్మాయికి నిద్ర పట్టలేదు.

“ఏ వాలెట్ మంచిగుంటదో జర మీరే చెప్పుండ్రి మేడమ్. ఆ పైసలతోని షాబాద్ దిక్కు పది గుంటలన్న కొనాలని చూస్తున్నం. మా మామ పాణమంత భూమి మీదనే ఉన్నది” అంది.

పన్నులు కడుతున్నావా అని మొదట అడిగాను. కడుతున్నానని అకౌంటెంట్ ఇచ్చిన కాగితాలు చూపించింది. ఇక మాట్లాడవచ్చు అనుకున్నాను. ఫలానా కంపెనీ మంచిదని పోలీసు అధికారి చెప్పకూడదు. అది నియమం. ఎలా ఎంచుకోవాలో చెప్పడానికి మాత్రం అడ్డు లేదు.

వాలెట్లు, అంటే ఈ కాయిన్లు దాచుకునే యాప్‌లు, ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో తాళంచెవి కంపెనీ దగ్గర ఉంటుంది, మనకు కనిపించేది ఒక అంకె మాత్రమే. కంపెనీ నిలబడినంత కాలమే మన డబ్బు. రెండో రకంలో తాళంచెవి మన దగ్గరే ఉంటుంది. వాలెట్ తెరిచినప్పుడు అది పన్నెండు ఇంగ్లీషు మాటలు చూపిస్తుంది. ఫోను పోయినా, యాప్ చేసిన కంపెనీ మాయమైనా, ఆ మాటలు అదే వరుసలో ఇంకో ఫోనులో కొడితే డబ్బు మళ్లీ మన ముందుంటుంది. పోలీసుదాన్ని కాబట్టి నా కొలత వేరు. ఏదైనా జరిగితే నోటీసు ఎవరికి పంపాలి? మొదటి రకంలో నాకొక చిరునామా ఉంటుంది. రెండో రకంలో ఎవరూ ఉండరు. ఈ సంగతి నేను కవితకు దాచకుండా చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, తాళంచెవి తన దగ్గరే ఉండనీ అంది.

అలాగైతే కొన్ని పనులు చేయాలన్నాను. ఎవరో పంపిన లింకు నుంచి యాప్ దించుకోకూడదు. అదే పేరు, అదే బొమ్మతో నకిలీ యాప్‌లు దిగుతాయి. మొయినాబాద్‌లోనే ఒక పెద్దాయన అలాంటిదాంట్లో డబ్బు వేసి, అంకె పెరుగుతుంటే చూసి మురిసిపోయి, తీయబోతే రాక నా దగ్గరికి వచ్చాడు. కాబట్టి తయారుచేసిన వాళ్ల సొంత సైటుకు వెళ్లి, అక్కడి నుంచి యాప్‌కు పోవాలి. ఆ యాప్ లోపలి కోడ్ అందరూ చూడగలిగేలా పెట్టారా, బయటివాళ్లు దాన్ని పరీక్షించారా, ఎన్నేళ్లుగా నిలబడి ఉంది అన్నవి చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎప్పుడైనా లోపం బయటపడితే వాళ్లు తామే చెప్పారా, దాచారా అన్నది వెతకాలి. లోపం లేని యాప్ ఉండదు. లోపాన్ని తానే చెప్పుకున్నవాడిని కొంత నమ్మవచ్చు. సహాయ కేంద్రం పేరుతో పన్నెండు మాటలు అడిగినవాడు మాత్రం దొంగే.

ఆఖరిది పరీక్ష. ముందు కొద్దిగా డబ్బు వేసి, యాప్‌ను తీసేసి, మళ్లీ పెట్టుకుని, మాటలు కొట్టి, డబ్బు తిరిగి కనిపించాకే మిగతాది వేయాలి. మాటలు చేత్తో కాగితం మీద రాయాలి. ఫొటో తీయకూడదు, ఫోనులో దాచకూడదు.

నేను చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. నెల తర్వాత ఫోన్ చేసి, వాలెట్ ఎంచుకున్నానని, పరీక్ష కూడా అయిందని, డబ్బంతా మార్చానని, కాగితం బీరువాలో ఉందని చెప్పింది. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా అనిపించింది. ఆ రోజు కానిస్టేబుళ్లకు చాయ్ నేనే తెప్పించాను.

తర్వాత కొన్ని వారాలకు ఒక ముసలాయన నా గదికి వచ్చాడు. తెల్లటి ధోవతి, భుజాన తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ కవరు. కవిత మామనని, పేరు అంజయ్య అని చెప్పుకున్నాడు. కవరులోంచి జాగ్రత్తగా ఒక లామినేషన్ కాగితం తీసి నా బల్ల మీద పెట్టాడు.

“మేడమ్, మా కోడలు మిమ్మల్ని అడిగే గదా ఇదంత చేసింది. గందుకే మీ తానికే వచ్చిన. దీని మీద మీ ముద్ర కొట్టి ఒక సంతకం వెట్టుండ్రి. గట్టిగుంటది” అన్నాడు.

చూశాను. పైన పెద్ద అక్షరాలతో ‘కవిత వాలెట్ ఒరిజినల్’ అని అచ్చయి ఉంది. కింద పన్నెండు ఇంగ్లీషు మాటలు, వరుస సంఖ్యలతో సహా. వెంటనే దాన్ని బోర్లా తిప్పాను.

ఒరిజినల్ అని ఉంది కాబట్టి నకళ్లు ఉన్నాయా అని అడిగాను. ఎందుకు లేవన్నట్టు చూశాడు. బీరువాలో ఒక్కటే కాయితం ఉందని, అదీ పెన్నుతో రాసిందని, అది చూసి తనకు గుండె దడ పుట్టిందని చెప్పాడు. బస్టాండు దగ్గరి జిరాక్సు షాపులో స్కాన్ చేయించి, మంచిగా టైపు కొట్టించి, కాపీలు తీయించాడు. ఒకటి షాబాద్‌లో ఉన్న పెద్దబిడ్డకు, ఒకటి శంకర్‌పల్లిలో తమ్ముడికి, ఇంకొకటి జన్వాడలో బామ్మర్దికి ఇచ్చాడు. ఇల్లు కాలినా కాయితం బతుకుతుందని ఆయన లెక్క.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం వచ్చింది. కానీ ఆయన ముఖంలో ఒక మంచి పని చేసి వచ్చిన సంబరం ఉంది. వెంటనే కవితకు ఫోన్ చేశాను. “ఇప్పుడే నీ వాలెట్ తెరిచి చూడు. డబ్బు ఉందా?” అన్నాను. ఉందంది. “ఫోన్ తీసుకుని ఉన్నపళంగా బయలుదేరు” అన్నాను.

ఆమె మొయినాబాద్ నుంచి స్కూటీ మీద వచ్చేలోపు అంజయ్యను కూర్చోబెట్టి అసలు సంగతి కనుక్కున్నాను. పెళ్లయిన కొత్తలో ఆయన ఒక ఎకరం కొన్నాడు. సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రం. ఒక్కటే కాగితం. దానికి చెదలు పట్టింది. అమ్మినాయన పోయాక ఆయన కొడుకులు అసలు అమ్మలేదన్నారు. కోర్టులో చూపించడానికి ఏమీ లేకపోయింది. అప్పటి నుంచి రేషన్ కార్డు మొదలు కరెంటు బిల్లు దాకా ప్రతి కాగితానికీ జిరాక్సు తీసి చుట్టాల ఇళ్లలో ఉంచుతున్నాడు.

“ఒక్క కాయితం లేక ఎకరం పోయింది మేడమ్. పిల్ల మూడేండ్లు కండ్లు మండేదాక బొమ్మలు గీసింది. ఆ పైసలకు గూడ ఒక్కటే కాయితమా?” అన్నాడు.

ఆయన బాధలో తప్పేమీ లేదు. బైనామా పోయినా పొలం ఉన్నచోటే ఉంటుంది, కాగితం దాని మీద హక్కుకు రుజువు మాత్రమే అని చెప్పాను. ఈ పన్నెండు మాటలు మాత్రం ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లదే, నీ పేరేమిటని ఎవరూ అడగరని చెప్పాను. ఆయన ఆ లామినేషన్‌ను చేతిలోకి తీసుకున్నాడు. “అంటే నేను ఊరంత తాళంచెవులు పంచిన్నా?” అన్నాడు.

కవిత వచ్చింది. మామ చేతిలోని లామినేషన్ చూసి, ఫోను బల్ల మీద పెట్టింది. అదే వాలెట్‌లో ఇంకో ఖాతా తెరిస్తే చాలదా అని అడిగింది. చాలదు. ఆ ఖాతా కూడా పాత మాటల కిందికే వస్తుంది. పూర్తిగా కొత్త వాలెట్, కొత్త మాటలు కావాలి. నేనూ కానిస్టేబుళ్లూ గదిలోంచి బయటికి వచ్చేశాం. ఆ మాటలు పోలీసులు కూడా చూడకూడదు. లోపల ఆమె ఒక్కతే కొత్త మాటలు రాసుకుని, సరిచూసుకుని, పాత వాలెట్‌లోని కాయిన్లను కొత్తదానికి పంపింది. బయట బెంచీ మీద అంజయ్య నా పక్కనే కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని తలుపు వైపే చూస్తున్నాడు. తలుపు తెరిచి, “అచ్చినయి మామా” అంది కవిత. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

పాత వాలెట్‌లో ఒక చిన్న మొత్తం మిగిలింది. కాయిన్లు పంపడానికయ్యే ఫీజును వేరే రకం కాయిన్‌లో కట్టాలి. దానికోసం ఉంచుకున్నదాంట్లో మిగిలిన చిల్లర అది. పంపే ఖర్చుకూ దానికీ పెద్ద తేడా లేదని కవిత వదిలేసింది.

ఇక ఆ కాపీలు చిత్తు కాగితాలతో సమానమని నేను చెప్పినా అంజయ్య వినలేదు. షాబాద్, శంకర్‌పల్లి, జన్వాడ బస్సుల మీద తిరిగి అన్నీ వెనక్కి తెచ్చాడు. అందరూ అడగ్గానే ఇచ్చారట. అసలు విప్పి కూడా చూడలేదని అందరూ అన్నారట. ఆ మాట నాతో ఎంతో సంతోషంగా చెప్పాడు. మా వాళ్లు గిట్లాంటి వాళ్లు మేడమ్ అన్నాడు.

మరుసటి వారం కవిత ఫోన్ చేసింది. పాత వాలెట్‌లోని ఆ చిల్లర లేదు. ఎవరో తీసుకున్నారు.

ఇలాంటి బదిలీ ఏదైనా అందరికీ కనిపించేలా నమోదవుతుంది. ఏ చిరునామాకు వెళ్లిందో నా బల్ల దగ్గరే చూశాను. ఆ చిరునామా వెనక మనిషెవరో మాత్రం అందులో ఉండదు. ఫీజు పోగా వాడికి దక్కింది నాలుగు చాయ్‌ల డబ్బు. పిటిషన్ ఇస్తే తీసుకుంటానన్నాను. కవిత వద్దంది. అసలు డబ్బు భద్రంగా ఉంది, ఆ ఏడాది చివర్లో భూమి రిజిస్ట్రేషను కూడా అయింది. నా వరకు ఆ విషయం అక్కడితో ముగిసింది.

అంజయ్యకు ముగియలేదు. సంగతి తెలిసిన రోజే వచ్చాడు. ఈసారి చేతిలో కవరు లేదు.

“పైసల ఫికర్ లేదు మేడమ్. ఎవ్వలో చెప్పుండ్రి, చాలు” అన్నాడు.

చెప్పలేనన్నాను. షాపు కంప్యూటర్‌లో కూడా ఆ కాగితం ఉండిపోయి ఉంటుందని, అక్కడికి రోజూ ఎంతోమంది వస్తారని, మీవాళ్లు ఎవరూ కాకపోవచ్చని అన్నాను.

“కాకపోవచ్చు. అయ్యిండొచ్చు గూడ గదా” అన్నాడు. “దసరకు అందరొస్తరు. జమ్మి ఆకు చేతుల వెట్టి, గుండెలకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకుంట ఎవ్వలని ఎట్ల చూడాలె మేడమ్? నా బిడ్డను గూడ గట్లనే చూడాల్నా?” అన్నాడు. లేచి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక చాలాసేపు నాకు పని మీద మనసు నిలవలేదు.

రిటైరయ్యాక కూడా ఏ వాలెట్ మంచిదని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు. కవితకు చెప్పినవే చెబుతాను. చేవెళ్లకు ముందు, మాటలు ఎవరికీ ఇవ్వొద్దు అన్నప్పుడు దొంగల సంగతి ఒక్కటే చెప్పేదాన్ని. ఇప్పుడు అయినవాళ్ల సంగతి కూడా చెబుతున్నాను. వాళ్లకు ఇవ్వకపోతే నమ్మలేదని నాలుగు రోజులు అలుగుతారు. ఇస్తే, ఏదైనా పోయిన రోజున, ఏ తప్పూ చేయనివాడికి కూడా తాను తీయలేదని చూపించుకునే దారి ఉండదు.