బోణీ చెంబు

ఆ చెంబు మీద ఏం రాసి ఉందని కొనడానికి వచ్చినామె అడిగినప్పుడు నేను నిజం చెప్పలేదు. ఆ సాయంత్రం చెంబు ఏదని మా అక్క అడిగినప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఆరేళ్లు పట్టింది.

కామాటిపురాలో మేముండే చాల్, ఆ పాత గదుల వరుస, కూల్చి కొత్త బిల్డింగు కడతామని అందరినీ ఖాళీ చేయమన్నారు. అప్పటిదాకా ఉండమని ఇచ్చిన గదిలో అక్క, నేను పడుకుంటే ఇంక పెట్టెకు కూడా చోటుండదు. అమ్మ నాటి ఇత్తడి సామాను రెండు గోనెసంచులుండేది. తూకానికి వేయడానికి మనసొప్పలేదు. వర్లీలో పురాతన వస్తువుల సంత జరుగుతుందని, ఎవరైనా బల్ల అద్దెకు తీసుకుని అమ్ముకోవచ్చని తెలిసింది. అంతకుముందు నేను ఎక్కడా ఏదీ అమ్మినవాణ్ణి కాదు.

రెండు రోజులు నల్లా దగ్గర కూర్చుని చింతపండు, ఉప్పు వేసి అన్నీ తోమాం.

"గింతగనం తోముతున్నరు, పెండ్లి పెట్టుకున్నరా ఏంది ఇంట్ల?" అని పక్క గది ఆమె ఎకసెక్కెమాడింది.

"మా తమ్మీ సేట్ అయితుండు. రేపటిసంది నువ్వు దండం పెట్టాలె," అంది అక్క.

ఒక్క చెంబును మాత్రం ఆమె తోమలేదు. ఏళ్ల తరబడి తోమనే లేదు. అది నల్లగా మసిబారి ఉండేది. అక్కకు పాప పుట్టినప్పుడు, తొట్టెలలో వేసే రోజుకు మేనమామగా నేను తెచ్చిన చెంబు అది. నాగ్‌పాడాలో పేర్లు చెక్కే మనిషికి తెలుగు రాదు. నేను కాగితం మీద పాప పేరు రాసిస్తే, చూసి చుక్కలు చుక్కలుగా కొట్టాడు. మధ్య అక్షరం పక్కకు ఒరిగింది. పాప ఏడు నెలలు బతికింది. ఫోటో తీయించలేదు. ఆస్పత్రి కాగితంలో ఆడపిల్ల అని తప్ప పేరు లేదు. ఆ పేరు ఈ లోకంలో రాసి ఉన్నది ఆ చెంబు మీద ఒక్కచోటే. తర్వాత రెండేళ్లకే బావ వదిలేసి పోతే అక్క మా గదికి వచ్చేసింది. ఆమెకు చదువు రాదు. తోమితే అక్షరాలు అరుగుతాయని తోమేది కాదు. వేలితో తడిమి చూసుకునేది, అంతే.

సంత రోజు పొద్దున ఆ చెంబు నా చేతిలో పెట్టింది.

"బోణీ పైసలు గీ చెంబుల ఎయ్యి తమ్మీ. పిల్ల చెయ్యి మంచిది. ఇది అమ్మేది కాదు మల్ల."

సంతలో నా పక్క బల్ల పెద్దాయన ముప్పై ఏళ్లుగా ఇదే వ్యాపారంలో ఉన్నాడు. నా బిందెలు చూసి హిందీలో నవ్వుతూ అన్నాడు: "ఇంత తోమితే వీటి వయసంతా కొట్టుకుపోయింది కదా భాయ్. ఇప్పుడివి నిన్న కొన్నట్టున్నాయి."

నిజమే. మధ్యాహ్నం దాటినా ఒక్కరూ నా బల్ల దగ్గర ఆగలేదు. పెద్దాయన మాత్రం నా వైపు చూసి జాలిగా చాయ్ పంపించాడు.

అప్పుడొక ఆమె వచ్చి, నా మోకాలి పక్కనున్న నల్లటి చెంబును తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద ఏం రాసుంది?" అంది.

"ఒక రాణి పేరు. వందేళ్ల నాటిది," అన్నాను.

"చదవండి, వింటాను."

చదివాను. పాప పోయాక ఆ పేరు నా నోట రావడం అదే మొదటిసారి.

"ఎంత బాగుందో," అని ఆమె పర్సు తెరిచింది.

వద్దని అనలేదు. డబ్బుకు అంత ఇబ్బందేమీ లేదు. బోణీ కాకుండా ఆ పెద్దాయన కళ్ల ముందు సంచులు కట్టుకోవడం సిగ్గనిపించింది. అంతకన్నా పెద్ద కారణం చెప్పగలిగితే బాగుండేది. లేదు.

తోమిన సామానంతా మెరుస్తూ ఇంటికి తిరిగొచ్చింది. అక్క ముందు చెంబు కోసమే చూసింది.

"గర్దీల, మంది నడుమ, ఎవడో ఎత్తుకపోయిండు అక్కా," అన్నాను.

ఆమె తిట్టలేదు. సామాను తీసి గోనెసంచిని మడతపెట్టింది.

"అమ్మకం కాడికి ఎవలన్న పిల్లను తోలుతరా? నా బుద్ధే గడ్డి తిన్నది," అంది.

తర్వాత కొన్నేళ్లు, వంటపనికి పోయి వస్తూ నాగ్‌పాడా పాత సామాన్ల దుకాణాల్లో ఆగేది. కనబడ్డ ప్రతి చెంబునూ వేలితో తడిమేది. "దొరకదులే అక్కా" అని నేనే ఓదార్చేవాణ్ణి.

పోయిన నెల కొత్త బిల్డింగులోకి వచ్చాం. సామాను సర్దుతూ అక్క అరలో ఒక చోటు ఖాళీగా వదిలింది. నాకు కాగితం, పెన్ను ఇచ్చింది.

"పిల్ల పేరు రాసియ్యి తమ్మీ. వేలు మర్సిపోతుంది."

రాశాను. ఆమె కాగితం మీద మెల్లగా వేలు పోనిచ్చి ఆగింది.

"నడుమ అక్షరం గిట్ల లేకుండె. జర పక్కకు ఒరిగుండె."

నేను ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాను.

"ఎవడూ ఎత్తుకపోలే అక్కా. నేనే అమ్మిన. ఏం రాసుందని అడిగితే రాణి పేరని చెప్పిన. పిల్లను అమ్మి, తప్పు నీ మీద ఏసుకుంటుంటే చూసుకుంట కూసున్న. మాఫ్ చెయ్యి."