కరుణక్క అడిగిన ప్రశ్న

ఎవరైనా దెయ్యాల మాట ఎత్తితే నవ్వేదాన్ని. మా అమ్మ నర్సు. ఒరిస్సాలోని రాయగడ ఆసుపత్రి వెనక క్వార్టర్స్‌లో పెరిగాను. శవాల గది ముందునుంచే రోజూ బడికి వెళ్లేదాన్ని. ఏనాడూ ఏదీ కనపడలేదు. అందుకే ఇది చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఎనభైల చివర్లో రాయగడలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేదాన్ని. పనివాళ్ల రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కించే పని ఇద్దరిదే, నాదీ కరుణక్కదీ. ఆమె నాకంటే పదేళ్లు పెద్ద. నా వేళ్లు పట్టుకుని కీబోర్డు నేర్పింది ఆమే.

ఆ ప్రోగ్రాంలో పేరుకి పద్నాలుగు ఇంగ్లీషు అక్షరాలే పట్టేవి. దాంతో జగన్నాథ్ పిడికాక అనే పనివాడు తెర మీద జగన్నాథ్ పిడి అయిపోయాడు. అక్కకి అది చూస్తే ఒళ్లు మండేది.

“ఏటమ్మి ఇది? మనిషి పేరు సగానికి కోసేత్తే మిగతా సగం ఎక్కడికి పోద్ది? ఇది సేసినోడు కనబడితే అడగనేటి?” అనేది.

ఆ ప్రోగ్రాం వాడే ఆఫీసులన్నిటికీ కోరాపుట్‌లో ఒక సదస్సు పెట్టారు. మా ఇద్దరినీ రమ్మన్నారు. అక్క ఆ రోజు నుంచే కొత్త చీరకి ఫాల్ కుట్టుకుంటూ కూర్చుంది.

సదస్సుకి మూడు వారాల ముందు అక్క మలేరియా మెదడుకెక్కి పోయింది. నేనప్పుడు చెల్లెలి పురుడని గుడారి అనే ఊళ్లో ఉన్నాను. వచ్చేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది.

కోరాపుట్‌కి ఒక్కదాన్నే బస్సెక్కాను. హాల్లో మూడో వరసలో కూర్చుని, పక్క కుర్చీలో నా సంచీ పెట్టాను. అక్కడ ఇంకెవరైనా కూర్చుంటే ఓర్చుకోలేననిపించింది.

మధ్యాహ్నం ప్రశ్నలు చీటీల మీద రాసివ్వమన్నారు. నేనేమీ రాయలేదు. వేదిక మీది ఇంజనీరు ఒక్కొక్కటీ చదివి జవాబు చెబుతున్నాడు.

“రాయగడ నుంచి కరుణ గారు అడుగుతున్నారు. మనిషి పేరు సగానికి కోస్తే మిగతా సగం ఎక్కడికి పోతుంది?”

హాలంతా నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు. తప్పు మాదే, మారుస్తాం అన్నాడు.

అయ్యాక ఆ చీటీ అడిగి తీసుకున్నాను. అక్క చేతిరాతే. ఇంటికొచ్చాక ఆమె పాత నోటుబుక్కు పక్కన పెట్టి, అక్షరం అక్షరం చూశాను. రాయగడ నుంచి ఆ సదస్సుకి వెళ్లింది నేనొక్కదాన్నే.

చీటీలు పోగుచేసిన ఒడియా ఆయన్ని హాల్లోనే అడిగాను. “మీ పక్కన అక్క ఇచ్చింది కదా,” అన్నాడు వచ్చీరాని తెలుగులో.

“పక్కన నా సంచీ ఉందండీ.”

“అవును. సంచీ ఒళ్లో పెట్టుకుంది.”

భయం వేయలేదు. అందరూ బస్సులకి వెళ్లిపోయారు. కుర్చీలు మడతపెట్టేవాళ్లు నా దాకా వచ్చి లేవమనేవరకూ అక్కడే కూర్చున్నాను.

కొత్త ప్రోగ్రాం వచ్చాక పేర్లు పూర్తిగా పట్టాయి. అది ఎలా జరిగిందో చెప్పగలను. చీటీ ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. దెయ్యాలున్నాయా అని అడిగితే నమ్మననే అంటాను.

చీటీల కోసం ఆయన మా వరసలోకి వచ్చినప్పుడు నేను తలవంచుకుని నోట్సు రాసుకుంటున్నాను. ఒక్కసారి, ఒక్కసారి పక్కకి తిరిగి చూసి ఉంటే.