అంకుల్ ట్రక్కులో ఇంకో రౌండ్

మా ఎదురింటి అంకుల్ పోయారు. ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను ఇంట్లోంచే ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. కెమెరా ఆపేసి, కిటికీలోంచి వాళ్ల వాకిలి వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన పాత పికప్ ట్రక్కు ఎప్పటిలాగే గరాజ్ ముందు ఉంది. మొన్న ఆదివారం దాన్ని తుడుచుకుంటూ నాకు చెయ్యి ఊపిన మనిషి నిద్రలోనే వెళ్లిపోయారట.

ఆయన తెలుగువారు కారు. చికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో ఇల్లు కొనుక్కుని దిగిన కొత్తలో, పులిహోర డబ్బా పట్టుకెళ్లి అలవాటు కొద్దీ "హలో అంకుల్" అన్నాను. మనకి పెద్దవాళ్లంతా అంకుళ్లే కదా. పాపం ఆయన, నేను తన తోబుట్టువుల్లో ఎవరి కూతురినా అని బుర్ర బద్దలు కొట్టుకున్నారట. ఆ ముచ్చట చెప్పి చెప్పి ఆంటీ నవ్వేవారు. తర్వాత ఆయనకి ఆ పిలుపు ఎంత నచ్చిందంటే, మావారు పేరు పెట్టి పిలిస్తే పలికేవారే కాదు. నేనిచ్చిన గోంగూర పచ్చడి బ్రెడ్‌కి రాసుకుని తినేవారు.

వయసులో ఉన్నప్పుడు ఆయన కంట్రీ బ్యాండ్లలో, అంటే అమెరికా పల్లె పాటలు పాడే బ్యాండ్లలో, స్టీల్ గిటార్ వాయించారు. బల్లలా ముందు పెట్టుకుని, తీగల మీద ఇనుప కడ్డీని జారుస్తూ వాయించే గిటార్ అది. గరాజ్‌లోంచి ఆ జారుడు మొదటిసారి వినబడినప్పుడు నేను చెత్త డబ్బా బయట పెడుతున్నాను. అమ్మ తిట్టి తిట్టి కర్ణాటక సంగీతం నేర్పించిన చెవి నాది. ఎవరో గమకం వేస్తున్నట్టే అనిపించింది. అడక్కుండానే లోపలికి వెళ్లి గొంతు కలిపాను. నాకు మొహమాటం తక్కువ లెండి. నేను కంట్రీ పాటలు పాడటం అలా మొదలైంది.

ఆయన పద్ధతే వేరు. నేను రికార్డ్ చేసిన పాటని కంప్యూటర్‌లో వినేవారు కాదు. పాట అనేది పని ముగించుకుని ఇంటికెళ్లేవాళ్ల కోసమని, బండిలో నిలబడనిది ఇంకెక్కడా నిలబడదని అనేవారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పాట పెట్టి, మా వీధుల చుట్టూ ట్రక్కు తిప్పేవారు. నచ్చకపోతే, ఇంటి ముందుకు రాగానే ఇండికేటర్ వేసి లోపలికి తిప్పేసేవారు. నచ్చితే ఇల్లు దాటి ఇంకో రౌండ్ వెళ్లేవారు. తిట్టినా అంతే, మెచ్చుకున్నా అంతే. మొదట్లో ఆ ఇండికేటర్ టిక్కుటిక్కు వినబడితే నాకు ఒళ్లు మండిపోయేది.

కిందటేడు ఆల్బమ్ చేయడానికి పూనుకున్నాను. పాతకాలపు కంట్రీ, ఇప్పటి పాప్ రెండూ కలిసిన ఆల్బమ్. అందులో డ్రమ్ మెషిన్ ఉంటుంది, అంకుల్ స్టీల్ గిటారూ ఉంటుంది. పాప్ అంటే ఆయన మొహం చిట్లిస్తారనుకున్నాను. వాళ్ల రోజుల్లో కంట్రీ పాటల్లో మామూలు డ్రమ్స్ పెట్టినందుకే పెద్దవాళ్లు తిట్టిపోశారని, నన్ను కానివ్వమని అన్నారు.

ఆల్బమ్‌కి నేను పెట్టుకున్న ప్రొడ్యూసర్ పని తెలిసినవాడు. నా గొంతునీ వాయిద్యాలనీ కలిపి మొదటి పాట మిక్స్ చేసి పంపితే తళతళలాడిపోయింది. నేను సంబరంగా ట్రక్కెక్కాను. అంకుల్ ఇంటిదాకా కూడా రాలేదు. మధ్యలోనే బండి పక్కకి ఆపేశారు.

"ఇది పాడిందెవరు?" అన్నారు.

మళ్లీ విన్నాను. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ నా గమకాలన్నిటినీ తప్పులనుకుని ఇస్త్రీ చేసి పారేసింది. స్టీల్ గిటార్ జారుతూ వచ్చి నన్ను కలుసుకునే చోట నా గొంతు కర్రలా నిలబడి ఉంది. ప్రొడ్యూసర్‌ని అడిగితే, ఇప్పటి పాప్ ఇలాగే ఉంటుందని, తనకి తెలిసిన రేడియో స్టేషన్‌కి పంపాలంటే ఇదే మిక్స్ కావాలని తేల్చేశాడు. మావారూ అటే మొగ్గారు.

"ఇంత కష్టపడ్డావ్, ఆ మాత్రం అడ్జస్ట్ అయితే పోయేదేముంది? ముందు రిలీజ్ చేయి, తర్వాత నీ ఇష్టం."

ఏం చేయమంటారని అంకుల్‌నే అడిగేశాను. ఆయన ట్రక్కు అద్దం తుడవడం ముగించి గుడ్డ మడిచారు.

"డ్రమ్స్ ఎవరివైనా ఫరవాలేదు. గొంతు మాత్రం నీదై ఉండాలి" అన్నారు.

నాకు ఆ మాట చాలింది. డ్రమ్ మెషిన్ అలాగే ఉంచమని, నా గొంతు జోలికి మాత్రం సాఫ్ట్‌వేర్‌ని రానివ్వద్దని ప్రొడ్యూసర్‌కి గట్టిగా చెప్పాను. స్టేషన్ చేజారింది. పోతే పోయింది అనుకున్నాను. కానీ కొత్త మిక్స్ వచ్చేనాటికి అంకుల్ లేరు. ఆయన వినని పాటని విడుదల చేయడానికి నాకు మనసొప్పలేదు. మావారు అడిగినప్పుడల్లా రేపు రేపు అంటూ వచ్చాను. నా గొంతు మీద నాకు నమ్మకం ఇచ్చిన మనిషి ఆయన. ఆ రుణం మాటల్లో తీరేది కాదు.

అంత్యక్రియలయ్యాక కొన్ని వారాలకి ఒక సాయంత్రం ఆంటీ ట్రక్కు తాళంచెవి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ ఆ బండి నడపడం నేనెప్పుడూ చూడలేదు.

"పాట తీసుకుని రా" అన్నారు.

ఆయన టోపీ ఇంకా సీటు మీదే ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని పాట పెట్టాను. డ్రమ్స్ దడదడలాడాయి. వాటి మధ్యలోంచి ఆయన స్టీల్ గిటార్ జారుతూ వచ్చింది, నా గొంతు దాన్ని అందుకుని దాంతోపాటే వంగింది. బాగుంది. ఒకరు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు, బాగుంది. అయినా మలుపు తిరిగి ఇల్లు కనబడగానే నా చూపు ఇండికేటర్ మీటకే అతుక్కుపోయింది.

ఆంటీ చెయ్యి అటు వెళ్లలేదు. మా వాకిట్లో మావారు నిలబడి చూస్తున్నారు. ఆయన్నీ, ఎదురుగా తలుపు తీసి ఉన్న అంకుల్ గరాజ్‌నీ, అందులోని ఖాళీ కుర్చీనీ దాటుకుని ట్రక్కు ముందుకే పోయింది.