రోజుకొక వంక

మా అక్కయ్యగారు పోయారని మండపేట నుంచి ఫోన్ వచ్చేసరికి నేను తులసికోట దగ్గర దీపం పెడుతున్నాను. ఆవిడ నా తోటికోడలు, మా బావగారి భార్య. తెల్లవారుతూనే అరుగు కడిగి లోపలికి వస్తూ గుమ్మంలో కూలబడ్డారట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది. గుండె అన్నారు.

ఉత్తరాలు తప్ప నేనెప్పుడూ ఏమీ రాయలేదు. గట్టిగా మాట్లాడే అలవాటూ లేదు. ఇప్పుడు కలం పట్టింది కోపం ఆగక. పెద్దకర్మ నాడు భోజనాలకి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, "ఆవిడ పనికి వంక పెట్టడానికి ఉండదండీ" అని. పప్పు వడ్డించుకుంటూ అన్నారు, చేతులు కడుక్కుంటూ అన్నారు. ఆ మాటే ఆవిడని తినేసింది. దాన్నే తీసుకొచ్చి ఫోటోకి దండలా వేశారు.

వాళ్ళ వీధి చివర బియ్యం మిల్లు ఉంది. ఊక కాలిన నల్లటి నుసి గాలికి వచ్చి అరుగుల మీదా ఆరేసిన బట్టల మీదా పడుతూనే ఉంటుంది. వీధిలో అందరూ పొద్దున్నోసారి తుడుచుకుని ఊరుకుంటారు. ఈవిడ మిల్లు లారీ వెళ్ళినప్పుడల్లా తడిగుడ్డ పట్టుకుని వచ్చేవారు. మిల్లు ఆగదు కదా అక్కయ్యగారూ అంటే, "ఎవరైనా వస్తే ఏమనుకుంటారే" అనేవారు. ఆ వచ్చేవాళ్ళెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇతరుల తప్పు మాత్రం ఆవిడకి తప్పులా కనిపించేదే కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పరమాన్నం అడుగంటింది. మా ఆయన మేనత్తగారు, ఇంటికి పెద్దదిక్కు, వాసన పట్టి వంటింట్లోకి వచ్చేలోపే అక్కయ్యగారు గిన్నె తన ముందుకు లాక్కుని, నేనే మరిచిపోయానండి అన్నారు. తరవాత నా వీపు నిమిరి, "చెయ్యి మాడలేదుగా, గిన్నేగా" అన్నారు. ఆ మాట తనకి తాను ఒక్కసారి చెప్పుకుని ఉంటే ఎంత బాగుండేది.

ఒకసారి ఇద్దరం కోరుకొండ వెళ్ళాం. పైన గుళ్ళో కొట్టిన కొబ్బరికాయ కుళ్ళింది. పర్లేదమ్మా, స్వామి మనసే చూస్తాడు అని పూజారిగారు హారతి ఇచ్చేశారు. ఈవిడ మాత్రం ఆ నిట్టనిలువు మెట్లు దిగి, వేరే కాయ కొని, మళ్ళీ ఎక్కారు. పైకి వచ్చేసరికి పెదాలు తెల్లగా పాలిపోయి, తప్పు చేసినదానిలా బెదురుగా పూజారిగారి మొహంలోకి చూశారు. భక్తంటే ఆవిడదండీ అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. నేనూ దేవుణ్ణి నమ్ముకున్నదాన్నే. అది భక్తి కాదు, భయం. ప్రతి పూజ చివరా మంత్రంలో, చేతలో, మనసులో లోపముంటే మన్నించమని అక్షతలు విడుస్తాం. తప్పు జరుగుతుందని ముందే తెలుసు కాబట్టే కదా పెద్దవాళ్ళు ఆ మాట పెట్టారు? దేవుడు ఒప్పుకున్నది కూడా ఆ వీధి ఒప్పుకోలేదు.

కొన్నాళ్ళకి ఆవిడకి నిద్ర పట్టడం మానేసింది. అన్నం సయించేది కాదు. డబ్బాలు సర్దుతూ ఉన్నట్టుండి ఏడ్చేవారు. బావగారికి నచ్చజెప్పి రాజమండ్రిలో మనసు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ డాక్టరమ్మ అన్నీ ఓపిగ్గా విని, "బాగా చెయ్యాలనుకోవడం జబ్బు కాదండి. ఒక్క తప్పు జరిగితే నేనే పనికిరానిదాన్ని అనుకోవడం, లోకమంతా నా తప్పు కోసమే కాచుకుందనుకోవడం, అదండీ మనిషిని తినేది" అన్నారు. దీన్ని పర్ఫెక్షనిజం అంటారట. ఎన్నో దేశాల్లో దీని మీద పరిశోధనలు చేశారట. ఇలాంటివాళ్ళకి దిగులూ ఆందోళనా ఎక్కువని, అందులోనూ ఎదుటివాళ్ళు తన దగ్గర లోపమే ఉండకూడదంటున్నారని నమ్మేవాళ్ళు మరీ నలిగిపోతారని తేలిందట. మరి అందరూ మెచ్చుకుంటారు కదండీ అన్నాను. మెచ్చుకోలు కూడా వాళ్ళకి పరీక్షేనండి, రేపు మళ్ళీ పాసవ్వాలి కదా అన్నారు.

మాత్రలు రాసి, ఇంటికి ఒక పని ఇచ్చారు. "రోజుకొక వంక కావాలనే వదిలెయ్యండి. ఏమవుతుందో చూడండి."

బస్సులో అక్కయ్యగారు నవ్వారు. "అంత చదువూ చదివి వంకలు నేర్పుతోందే ఈవిడ." చాలా రోజుల తరవాత విన్న నవ్వు అది. మర్నాడు ఫోన్ చేసి, గ్లాసు బోర్లించకుండా వదిలేశాననీ, ఏమీ అవ్వలేదనీ చిన్నపిల్లలా చెప్పారు.

తరవాతి శుక్రవారం ముగ్గులో ఒక గీత వంకర పోతే చెరపకుండా వదిలేశారు. మేనత్తగారు చూశారు. "ఏంటమ్మా, చెయ్యి పడిపోయిందా? పిచ్చి డాక్టరు దగ్గరికెళ్ళి నేర్చుకున్నది ఇదేనా?" అని వీధి వినేలా అడిగారు. అక్కయ్యగారు తడిగుడ్డతో ముగ్గంతా తుడిచి మళ్ళీ వేశారు. ఆ తరవాత రాజమండ్రి రాలేదు, మాత్రలూ మానేశారు. ఎంత బతిమాలినా, నాకు బాగానే ఉందిలేవే అనేవారు, కుళాయి తుడుస్తూ. అంత పనిమంతురాలికి మనసు జబ్బేంటన్నారు చుట్టాలు. కాలు విరిగినవాళ్ళని ఎవరైనా ఇలా అడుగుతారా?

పెద్దకర్మ మర్నాడు, మైల తీరాక, వాకిట్లో మొదటి ముగ్గు పడాలి. అక్కయ్యగారి కోడలు, ఈమధ్యే కాపురానికి వచ్చిన పిల్ల, బియ్యప్పిండి తీసుకుని కూర్చుంది. వెనకాల మేనత్తగారు నిలబడి, "మీ అత్తగారి ముగ్గుకి వంక ఉండేది కాదమ్మాయ్. ఆవిడ పేరు నిలబెట్టాలి నువ్వు" అన్నారు. పిల్ల చెయ్యి తడబడి గీత పక్కకి పోయింది. తలెత్తి చూసింది. ఆ చూపు నేను కోరుకొండ మీద చూశాను.

మేనత్తగారు తడిగుడ్డ పట్టుకుని వంగారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"చెరపకండి అత్తయ్యగారూ."

"వంకరగా ఉందే."

"ఉండనివ్వండి. ఒక మనిషిని పోగొట్టుకున్నాం, చాలు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళిపోయారు. ఆ పిల్ల పక్కన కూర్చుని, "చెయ్యి మాడలేదుగా, గీతేగా" అన్నాను. దానికి అర్థం కాలేదు, కానీ మళ్ళీ పిండి చేతిలోకి తీసుకుంది. ఎండెక్కేసరికి ముగ్గు మీద కాస్త నుసి పడింది. చీమలు వచ్చి పిండి మోసుకుపోతున్నాయి, తిన్నటి గీత నుంచీ, వంకర గీత నుంచీ.

ఈ కాగితాలు ఎవరి చేతికి వస్తే వాళ్ళు దాచి ఉంచండి. ఎవరికీ చూపించకండి. రాజమండ్రి వెళ్ళిన సంగతి మళ్ళీ పదిమంది నోళ్ళలో పడితే ఆవిడ తట్టుకునేవారు కాదు. నాకు రాత కొత్త. తప్పులు కనిపిస్తే దిద్దకండి. అలాగే ఉండనివ్వండి.