ముగెల్ సరస్సు ఒడ్డున నేను ఉండని రెండేళ్లు

ఆ రోజుల్లో నాకు డిగ్రీ ఉండేది, ఉద్యోగం ఉండేది కాదు. రెండింటి మధ్యా వీసా గడువు ఒకటి ఉండి రోజురోజుకీ తరిగిపోతుండేది. ఉద్యోగం చూపిస్తామన్న కన్సల్టెన్సీ వాళ్లు జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లో ఆరుగురిని కుక్కి, మా మీద ఒక పెద్దమనిషిని పెట్టారు. ఆయన్ని ప్రొఫైల్ అన్న అనేవాళ్లం. ఎవడి రెజ్యూమెనైనా ఒక్క పూటలో రెండు పేజీలు పెంచేవాడు. (బ్రహ్మరాతను దిద్దగల మనిషిని ఆయన్నొక్కడినే చూశాను.)

"తమ్ముడూ, ఇక్కడి ఎక్స్‌పీరియెన్స్ పెడితే కాల్ చేసి చెక్ చేస్తరు. నీకు బెర్లిన్ పెట్టిన. టూ ఇయర్స్. ఉండే ఏరియా కూడా పెట్టిన, ఫ్రీడ్రిక్స్‌హాగెన్. చెరువు పక్కన, మస్తుంటది. జర చదువుకో," అన్నాడు.

చదివాను. ఎమ్మెస్‌కి కూడా అంత చదవలేదు. బొహీమియా నుంచి వచ్చిన నూలు వడికేవాళ్ల కోసం ఒక రాజు ఆ ఊరు కట్టించాడు. పట్టుపురుగుల కోసం మల్బరీ చెట్లు నాటించాడు. స్ప్రే నది ముగెల్ సరస్సులో ఒక పక్క కలిసి, ఇంకో పక్క ఈ ఊరి దగ్గరే బయటికి వస్తుంది. అక్కడ నది కింద నుంచి ఒక టన్నెల్ ఉంది. గోడ ఉన్న కాలంలో ఇదంతా తూర్పు బెర్లిన్. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేవాణ్ణి. నేను పుట్టిన నరసరావుపేట చరిత్ర మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.

శాంటా క్లారా కంపెనీ వీడియో ఇంటర్వ్యూలో మేనేజరమ్మ నా రెజ్యూమె చూసి ఒక్కసారిగా వెలిగిపోయింది. "ఫ్రీడ్రిక్స్‌హాగెనా! నేను పుట్టి పెరిగింది అక్కడే!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా నూలు, మల్బరీ, రాజు అన్నీ వరసగా వదిలాను. ఆవిడ మురిసిపోయింది. అక్కడితో నోరు మూసుకుంటే ఉద్యోగం వచ్చేదేమో. కానీ మార్కులు పడుతున్నాయనిపిస్తే అడిషనల్ షీటు అడిగి మరీ రాసే జాతి కదా మనది!

"రోజూ నది కింద టన్నెల్లోంచే ఆఫీస్‌కి డ్రైవ్ చేసేవాణ్ణి మేడమ్. మార్నింగ్ ట్రాఫిక్ హారిబుల్!" (జెర్సీ సిటీలో ఉండేవాడికి నది కింద టన్నెల్ అంటే కార్లు బారులు తీరడమే.)

ఆవిడ నా రెజ్యూమెను మళ్లీ ఒకసారి చూసింది. "ఆ టన్నెల్ నడిచేవాళ్లది. రెండు వైపులా మెట్లుంటాయి. అవతల అడవి. మీ ఆఫీసు అడవిలోనా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "నేను జర్మనీ ఎప్పుడూ చూడలేదు మేడమ్," అన్నాను.

"మా స్కూలు టీచరు కన్నా బాగా చెప్పారు. ఉద్యోగం మాత్రం ఇవ్వలేను," అంది నెమ్మదిగా.

కథంతా విన్న ప్రొఫైల్ అన్న ఏమాత్రం చలించలేదు. "మెట్లా? మంచి పాయింట్ చెప్పినవ్ తమ్ముడూ," అని నోట్సులో దిద్దుకుని, నా బెర్లిన్‌ను అలాగే తీసి మా గదిలో ఉండే వరంగల్ మిత్రుడికి ఇచ్చేశాడు. అతను దానితోనే వేరే కంపెనీలో చేరిపోయాడు. నేను ఉన్నదున్నట్టు రాసిన ఒంటి పేజీ పట్టుకుని తిరిగి, గడువు ఇంకో నాలుగు రోజులుందనగా ఒక చిన్న ఆఫీసులో కుదురుకున్నాను.

నీతిగా బతికానని చెప్పుకోవచ్చు గానీ, అప్పుడు నాకొచ్చింది కోపం. అంత కష్టపడి కంఠస్థం చేసిన నా సరస్సును ఇంకొకడు ఎత్తుకుపోయాడని! ఇప్పటికీ ఎవరైనా బెర్లిన్ పేరెత్తితే, ఒక్క రోజైనా ఉండని ఆ ఊరి మీద నాకు బెంగ పుడుతుంది.